మా ఊళ్లో ఖాళీ స్థలమంటూ లేదు

కోనసీమలో ఇప్పుడు ఏ రోడ్డు పట్టుకుని వెళ్లినా వరిచేల మధ్యన రంగులేసిన ఆర్చీలు కనబడుతున్నాయి. ఒకదాని మీద మెడోస్ అని ఉంటుంది, ఇంకోదాని మీద గార్డెన్స్, మరోదాని మీద పార్క్. ఎవరి స్థలానికి వాళ్లు ఏ పేరైనా పెట్టుకుంటారు, దాంతో నాకు పేచీ లేదు. నా బాధంతా ఆ ఆర్చీ లేవకముందు అక్కడున్న వాటి గురించి. అక్కడ కళ్లం ఉండేది, పుంత అనే బండిదారి ఉండేది, చేలకి నీళ్లు పారే బోదె ఉండేది, బోదె గట్టు మీద తాటిచెట్ల వరస ఉండేది. లేఅవుటు కాగితం మీదికి వచ్చేసరికి వాటన్నిటికీ కలిపి ఒకటే మాట పడింది: ఖాళీ స్థలం. ఊళ్లో పెద్దమనుషులూ అదే అంటున్నారు, పంచాయతీ తీర్మానాల్లోనూ అదే రాస్తున్నారు, అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ ఆ మాట మీదే బేరం కుదుర్చుకుంటున్నారు. డెల్టా పల్లెలో ఖాళీ స్థలమనేదే లేదని నేనంటాను. ఏ జాగా చూసినా దానికో పనుంది, ఆ పనికో కాలముంది, ఆ కాలంలో అక్కడ అడుగుపెట్టే హక్కు కొందరికుంది. ఇవి మూడూ మరిచిపోయి ఖాళీ అనేశాక, దాన్ని నింపేయడానికి ఎన్నాళ్లో పట్టదు.

నేను హైస్కూల్లో ఇంగ్లీషు చెబుతాను. పాఠంలో మెడో అని వస్తే పిల్లలు పచ్చిక బయలు అని రాసుకుంటారు. పాశ్చర్ వచ్చినా పచ్చిక బయలే, లాన్ వచ్చినా పచ్చికే. కామన్ అని వస్తే మాత్రం పెన్ను ఆగిపోతుంది. గైడులో ఉన్నదంతే కాబట్టి పిల్లల్ని అనడానికి లేదు. కానీ ఆ మాటల వెనకున్న బతుకు చెబితే వాళ్లకి ఇట్టే తెలుస్తుంది, గేదెలున్న ఇళ్లలోంచి వచ్చిన పిల్లలు మరి. మెడో అంటే గడ్డిని ఏపుగా ఎదగనిచ్చి, కోసి, ఎండబెట్టి, చలికాలం మేతకి దాచుకునే నేల. గడ్డి ఎదిగే రోజుల్లో అందులోకి పశువుని వదలరు. పాశ్చర్ అంటే పశువు దిగి మేసే నేల. గడ్డి రెండుచోట్లా గడ్డే. అక్కడికి ముందు కొడవలి వస్తుందా, పశువు వస్తుందా అన్నదాన్ని బట్టి పేరు మారిపోతుంది. గడ్డిమేటు వేసుకునే ఇంటి పిల్లకి ఇంతకంటే చెప్పక్కర్లేదు.

యార్డు, గార్డెన్ సంగతీ అంతే. బ్రిటన్‌లో ఇంటి చుట్టూ ఉన్న జాగాలో పచ్చికా మొక్కలూ ఉంటే మొత్తం గార్డెనే, యార్డంటే రాళ్లో సిమెంటో పరిచేసిన చోటు. అమెరికా వెళితే ఇంటి చుట్టూ ఉన్న గడ్డినేలంతా యార్డు, అందులో పూలకో కూరగాయలకో తవ్వుకున్న మడి వరకే గార్డెన్. అక్కడున్న మన పిల్లలు వీడియో కాల్లో "యార్డులో పనుందమ్మా" అంటే ఇక్కడ తల్లి ఏ గిడ్డంగిలో పనికి కుదిరాడోనని కంగారు పడుతుంది.

పార్కు కథ ఇంకా గట్టిది. ఇంగ్లండులో పార్కంటే మొదట్లో, రాజుగారి అనుమతి పొంది కంచె వేసుకుని జింకల్ని పెంచుకున్న దొరల వేటభూమి. మామూలు మనిషికి అందులో ప్రవేశం లేదు. జనం డబ్బుతో, జనం తిరగడానికే కట్టిన తొలి పార్కుగా చెప్పే బర్కెన్‌హెడ్ పార్కు 1847లో తెరిచారు. మా ధవళేశ్వరంలో కాటన్ దొర ఆనకట్ట పని మొదలైంది కూడా ఆ ఏడాదే. అంటే అడ్డం వేసిన కంచెకి పుట్టిన మాట, జనానికి తెరిచిన తలుపుగా మారడానికి కొన్ని వందల ఏళ్లు పట్టింది.

నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది కామన్. ఆ నేలకి సొంతదారు ఒకడు ఉంటాడు, కానీ చుట్టుపక్కల కాపురముండే వాళ్లకి అందులో హక్కులుంటాయి. ఒకరు పశువుని మేపుకోవచ్చు, ఇంకొకరు వంటచెరుకు తెచ్చుకోవచ్చు, మరొకరు చేపలు పట్టుకోవచ్చు. ఏ హక్కుకి ఆ హక్కు విడిగా పేరుండేది. తర్వాత ఆ నేలలకి కంచెలు పడ్డాయి. 1604 నుంచి 1914 వరకు అక్కడి పార్లమెంటు 5,200కి పైగా చట్టాలు చేసి, సుమారు 68 లక్షల ఎకరాలకి కంచె వేయించింది. ఇంగ్లండు నేలలో అయిదో వంతు పైమాటే. నేల సాగులోకి వస్తుంది, దిగుబడి పెరుగుతుంది అన్నారు, కొంత పెరిగింది కూడా. ఆవుని మేపుకోవడానికి ఆ బయలు తప్ప దిక్కులేని ఇళ్లవాళ్లు కూలికి పోయారు.

అదే దేశంలో విలేజ్ గ్రీన్ అని ఒకటుంది, ఊరి జనం ఆటపాటలకి వాడుకునే పచ్చిక. 2006లో వచ్చిన కామన్స్ చట్టం ప్రకారం, స్థానికులు ఒక నేలని 20 ఏళ్లపాటు ఎవరి అనుమతీ అడగకుండా, దాపరికం లేకుండా, దౌర్జన్యం లేకుండా ఆటలకి వాడుకుని ఉంటే, దాన్ని గ్రీన్‌గా నమోదు చెయ్యమని కోరే వీలుంది. పిల్లలు అక్కడ ఆడుకున్నారన్న సాక్ష్యమే హక్కుకి పునాది అవుతుంది. కోల్పోయిన దేశం కనుక తేరుకుని రాసుకున్న చట్టమిది. మనం ఇంకా కోల్పోయే దశలోనే ఉన్నాం.

ఇక మా నేలకి వస్తాను. కళ్లంతో మొదలుపెడతాను, ఇవాళ డెల్టా రైతు మెడకి చుట్టుకున్నది అదే.

సార్వా, అంటే వానాకాలపు వరి, కోతలప్పుడు చేలో పనలు పరిచి ఆరనిచ్చేవాళ్లు. తర్వాత మోపులు కట్టి, కుప్ప వేసి, సంక్రాంతి ముందో వెనకో వీలు చూసుకుని నూర్చేవాళ్లు. ఆ నూర్పుకి కావలసింది కళ్లం. నేల చెక్కి, నీళ్లు చల్లి, దిమ్మిసతో కొట్టి, పేడతో అలికి గట్టిపరిచేవాళ్లు. దానికి ఏ జాగా పడితే ఆ జాగా పనికిరాదు. వాన పడితే నీళ్లు జారిపోవాలి గనుక మెరక కావాలి, తూర్పారబట్టాలి గనుక గాలి తగలాలి, బండి రావాలి గనుక పుంత ఆనుకుని ఉండాలి. సొంత కళ్లం లేని చిన్న రైతుకి, కౌలురైతుకి ఊరుమ్మడి కళ్లమే దిక్కు. నూర్పులు లేని నెలల్లో పిల్లలు అక్కడ ఆడుకున్నారు, గేదెల్ని కట్టుకున్నారు, పెళ్లిళ్లకి పందిళ్లు వేసుకున్నారు. ఆ నెలల్లో వచ్చి చూసినవాళ్లకి అది ఖాళీగా కనిపించింది.

కోత మిషన్లొచ్చాయి. పూట తిరక్కుండానే చేను కోసి, నూర్చి, ధాన్యం ట్రాక్టరు తొట్టిలోకి పోసేస్తున్నాయి. ఇంక కళ్లంతో పనేముందనుకున్నారు జనం. కొన్నిచోట్ల ఇళ్ల స్థలాలకి ఇచ్చేశారు, కొన్నిచోట్ల పక్క రైతులు గట్టు జరుపుకుంటూ వచ్చి కలిపేసుకున్నారు. ఇంతా చేసి, మిషను కోసేది పచ్చి గింజ. పనల మీద ఆరిన రోజులు, కుప్పలో ఆరిన వారాలు ఇప్పుడు లేవు. ప్రభుత్వం కొనాలంటే ధాన్యంలో తేమ 17 శాతం దాటకూడదు. మిషను పోసిన గింజలో అంతకంటే ఎక్కువే ఉంటుంది. అంటే వెనకటి కంటే ఇప్పుడే ఆరబోసుకునే జాగా ఎక్కువ కావాలి, అదీ కోసిన రోజునే కావాలి. కళ్లంతో అవసరం తీరిపోయిందనుకున్న కాలంలోనే దాని అవసరం రెట్టింపయింది.

ఆ ధాన్యం ఎక్కడికి వెళ్లిందో డెల్టాలో అందరికీ తెలుసు, రోడ్డు మీదికి. దాళ్వా, అంటే రెండో పంట వరి, కోతలప్పుడు ఏప్రిల్ నెలాఖరున రావులపాలెం నుంచి అమలాపురం దాకా, తణుకు నుంచి భీమవరం దాకా ఏ రోడ్డయినా చూడండి. తారు రోడ్డు సగం మేర ధాన్యం పరిచి ఉంటుంది. అంచున ఇటుకలు, బండరాళ్లు, అడ్డంగా పడేసిన కొబ్బరిమట్టలు. ఆడవాళ్లు నెత్తిన తువ్వాలు వేసుకుని, ధాన్యంలో పాదాలు ఈడ్చుకుంటూ ఆ చివర్నించి ఈ చివరికి నడుస్తుంటారు. కాలి వెంట చాళ్లు పడి అడుగు గింజ పైకొస్తుంది. గంట పోయాక మళ్లీ అడ్డంగా నడుస్తారు. మధ్యమధ్య ఒక గింజ తీసి పంటి కింద పెట్టి కొరికి చూస్తారు, టక్కున విరిగితే ఆరినట్టు. సాయంత్రానికి పోగుచేసి బరకాలు కప్పి, చుట్టూ రాళ్లు పెడతారు. చీకట్లో నల్లటి రోడ్డు మీద ఆ నల్లటి బరకం కనబడక మోటారుసైకిళ్ల మీద వచ్చేవాళ్లు పడిపోతున్నారు. పడినవాడు రైతుని తిడతాడు, రైతు వానని తిట్టుకుంటాడు. ఆ ఊరి కళ్లం ఏమైందని ఎవరూ అడగరు.

కిందటి దాళ్వాకి మా బాబాయి తన ధాన్యం కాలువ రోడ్డు మీద ఆరబోశాడు. మబ్బు పట్టింది. నేనూ వెళ్లి పారతో పోగు చేస్తుంటే అన్నాడు, "ఒరేయ్, మన కళ్లం జాగాలో ఇప్పుడు ఆరిళ్లు లేచాయి. ఆళ్లని లెమ్మంటానా? కాపరాలు చేసుకుంటన్నారు. కానీ ఇచ్చిన రోజున ఒక్కడైనా, ఇంకో మెరక చూసి కళ్లానికి రాసిపెడదామన్నాడా అని." ఆ ఇళ్లు కట్టుకున్నవాళ్లకీ జాగా అవసరమే. బాబాయి అడిగిన దానికి మాత్రం ఊళ్లో ఎవరి దగ్గరా జవాబు లేదు.

పుంత గురించి ఎక్కువ చెప్పను. చేల మధ్యనుంచి పోయే బండిదారి అది, ప్రభుత్వ నేల. రెండువైపులవాళ్లూ ఏటా ఒక పార వెడల్పు కలుపుకుంటూ పోతే చివరికి గట్టు మిగులుతుంది. అప్పుడు కోత మిషను లోపలి చేలకి వెళ్లడానికి ముందు చేను కోతకొచ్చేదాకా ఆగాలి. అంతకంటే పెద్ద ఘోరం, కొన్ని పుంతలు శ్మశానానికి దారి. ఆ దారి పోయిన వాడల్లో వరిచేల బురదలో దిగి శవాన్ని మోసుకెళ్లాల్సి వస్తోంది. అలా మోయాల్సి వచ్చేది ఎక్కువగా దళితవాడలవాళ్లే.

ఇక్కడ ఒక మాట ఒప్పుకుని తీరాలి. ఊరుమ్మడి జాగాలు వెనకటికి అందరివీ సమానంగా ఉండేవని చెబితే అది అబద్ధం. ఏ రేవులో ఎవరు దిగాలో, ఏ చెరువులో ఎవరు నీళ్లు ముంచుకోవాలో, ఏ అరుగు మీద ఎవరు కూర్చోవాలో కులమే నిర్ణయించింది. చావడి దగ్గర చెప్పులు విడిచి నడిచినవాళ్ల మనవలు నా క్లాసులో ఉన్నారు. అందుకే నేను పాత ఊరు తిరిగి రావాలని అడగడం లేదు. ఆ జాగాల పనిని నిలబెట్టి, హక్కుని అందరిదీ చెయ్యాలంటున్నాను. ఉమ్మడి నేల పోతే ముందు నష్టపోయేది సొంత నేల లేనివాడే, ఇది ఇంగ్లండులోనూ జరిగింది, ఇక్కడా జరుగుతోంది. పదెకరాల ఆసామికి సొంత కొబ్బరితోటలో కళ్లం చేసుకునే జాగా ఉంటుంది. కౌలుకి రెండెకరాలు చేసుకునే మనిషికి రోడ్డే గతి.

ఏటిగట్టు చూడండి. గోదారి పాయల వెంట పోసిన కరకట్ట అది. మామూలు రోజుల్లో దాని మీద పొద్దున్నే నడకకి వెళ్లేవాళ్లు, సైకిళ్లమీద పాలవాళ్లు. ఇంతెత్తు నేల ఊరికే పడి ఉందే అనిపిస్తుంది కొత్తవాళ్లకి. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర సుమారు 35 లక్షల క్యూసెక్కుల నీరు పారినప్పుడు ఏటి మధ్య లంకల్లోని జనం, గొడ్డూగోదా బతికింది ఇలాంటి ఎత్తు నేలల మీదే. గట్లు తెగినచోట్ల ఊళ్లకి ఊళ్లు మునిగాయి. 2022 జులై వరదలోనూ లంకవాళ్లు పశువుల్ని గట్టెక్కించి, టార్పాలిన్ల కింద వండుకు తిన్నారు. గట్టు మీద షెడ్డు వేస్తే ఏమవుతుందిలే, గట్టు వారన మట్టి నాలుగు ట్రాక్టర్లు తవ్వుకుంటే ఏమవుతుందిలే అనేవాళ్లకి ఆ రాత్రుల గురించి చెప్పాలి. ఆ గట్టుకి పని పడేది ఏళ్లకొకసారి, పడిన రోజున దానికి బదులు ఇంకోటి లేదు.

ఒకే ఒక్కరోజు పనికొచ్చే నేల కూడా ఉంది మాకు. కనుమ నాడు అంబాజీపేట దగ్గర మొసలపల్లి శివారు జగ్గన్నతోటలో ప్రభల తీర్థం జరుగుతుంది. చుట్టూ ఉన్న 11 ఊళ్ల రుద్రులు, అంటే ఆ ఊళ్ల శివుళ్లు, వెదురుతో ఎత్తుగా కట్టిన ప్రభల మీద అక్కడికి చేరతారు. అక్కడ గుడి లేదు, గోపురం లేదు, కొబ్బరితోట, అంతే. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభల్ని కౌశిక కాలువ నీళ్లలోంచి భుజాల మీద దాటిస్తుంటే ఒడ్డున వేలమంది ఊపిరి బిగబట్టి చూస్తారు. ప్రభలు వరిచేలకి అడ్డంపడి వస్తాయి. దాళ్వా నాట్లు పడిన చేను వందల కాళ్ల కింద నలిగిపోతుంటే ఆ రైతు అడ్డుచెప్పడు, శివుడు తన చేలో నడిచాడని కళ్లకద్దుకుంటాడు. చేను ఆయన సొంతం, పంట ఆయనది. ఆ ఒక్కపూట దారి మాత్రం ఊళ్లందరిదీ. ఇంగ్లండు కామన్‌లో ఉన్న సూత్రమే మా కోనసీమ చేలల్లో కాగితం లేకుండా నడుస్తోంది. ఆ దారిలో ఒక్క ప్రహరీగోడ లేస్తే చాలు, ఏ చట్టమూ దాన్ని పడగొట్టలేదు. అప్పుడు ప్రభ ఎటు తిరగాలి?

ఇంటి దగ్గర జాగాలనీ వదలడం లేదు మనం. వాకిలంటే కళ్లాపి, ముగ్గు, నెలపట్టాక గొబ్బెమ్మలు. దొడ్డంటే బావి, కరివేపాకు చెట్టు, అరటిపిలకలు, కోళ్ల గూడు, మధ్యాహ్నం ఆడవాళ్లు నడుం వాల్చి మాట్లాడుకునే నీడ. ఈ మాటే ఒకచోట పశువుల కొట్టానికి, ఇంకోచోట పెరటికి వాడతారు, మా వైపు పెరటికే. సెంటు విలువ లక్షల్లోకి వెళ్లాక ముందు వాకిలి పోయింది, తర్వాత దొడ్డి. ఇది ఎవరి ఇంటి లెక్క వాళ్లది కాబట్టి దీని మీద నేను తగువుపడను. ఉమ్మడి జాగా విషయంలో మాత్రం తగువుపడతాను.

తగువుకి ఆధారం మన రెవెన్యూ రికార్డుల్లోనే ఉంది. పోరంబోకు అన్న మాటని మనం తిట్టు చేసేశాం, పనీపాటా లేనివాణ్ణి పోరంబోకు అంటాం. రికార్డు తిరగేస్తే ఆ మాట ఒంటరిగా ఉండదు. చెరువు పోరంబోకు, కాలువ పోరంబోకు, పుంత పోరంబోకు, కళ్లం పోరంబోకు, శ్మశానం పోరంబోకు అని పని పేరుతో సహా రాసి ఉంటుంది. శిస్తు లెక్కలు కట్టడానికి తెల్లదొరలు రాయించిన పుస్తకంలో ఏ జాగా దేనికో ఉంది. ఆ ఊళ్లో పుట్టి పెరిగిన మనం ఖాళీ అంటున్నాం. 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, పంజాబులో ఒక ఊరి చెరువు పూడ్చి ఇళ్లు కట్టుకున్నవాళ్లని క్రమబద్ధం చెయ్యడానికి ఒప్పుకోలేదు. ఊరుమ్మడి నేలల్లో ఆక్రమణలు తొలగించి గ్రామసభకి అప్పగించే ఏర్పాటు చెయ్యమని అన్ని రాష్ట్రాలకీ చెప్పింది. తీర్పు మన చేతిలోనే ఉంది. ఏ సర్వే నంబరులో ఏముందో చెప్పగలిగే మనిషి ఊళ్లో ఉండాలి కదా, దాన్ని వాడుకోవడానికి.

ఒకసారి ఒక ఆఫీసులో ఇదే అడిగాను. అక్కడున్నాయన కంప్యూటరు చూసి, "ప్రభుత్వ భూమి అని ఉందండీ, అంతే" అన్నారు. పాత పుస్తకంలో కళ్లం అని ఉన్నది కొత్త తెరమీదికి వచ్చేసరికి ప్రభుత్వ భూమి అయింది. ఆ ఒక్క మాట జారిపోతే రేపు అక్కడ ఏ భవనమైనా కట్టొచ్చు, కాదనడానికి ఆధారం ఉండదు.

అందుకని నేను అడిగేది పెద్ద ఉద్యమమేం కాదు. పంచాయతీరాజ్ చట్టం ప్రకారం గ్రామసభ ఏడాదికి కనీసం రెండుసార్లు జరగాలి. ఆ సభలో ఊరి పాత భూమి రికార్డయిన రీసర్వే సెటిల్‌మెంట్ రిజిస్టరు, అదే ఆరెస్సార్, నకలు పెట్టి పైకి చదవాలి. ప్రతి ఉమ్మడి జాగాకీ అది దేనికి, ఏ నెలల్లో, ఎవరెవరికి అన్నది తీర్మానంలో రాయాలి. పంచాయతీ గోడ మీద పథకాల పట్టికలు రాస్తున్నట్టే ఇదీ రాయాలి. లేఅవుట్లలో ఉమ్మడికి వదిలే పదిశాతం విషయంలోనూ ఇదే అడగాలి, పార్కని బోర్డు పెట్టి గుర్రపుడెక్క పెరిగే పల్లం చూపించడం కుదరదని, ఆ ఊరికి కళ్లం కావాలంటే కళ్లానికి పనికొచ్చే మెరకే వదలాలని.

మా ఊళ్లో రామాలయం వెనక కళ్లం పోరంబోకు ఇంకా కొంత మిగిలి ఉంది. తుప్పలు పెరిగి, విరిగిన బళ్లూ పాత ఇటుకలూ పడి ఉన్నాయి. దాన్ని చదును చేయించి, సిమెంటు పలక వేయించి, కౌలురైతులకి ముందు వంతు ఇవ్వాలని అర్జీ రాశాం. బాబాయి మొదటి సంతకం పెట్టాడు, దళితవాడలో కౌలు చేసుకునేవాళ్లు ఆ కిందే పెట్టారు. సార్వా కోతలు మొదలయ్యేలోగా పలక పడకపోతే, ధాన్యం బస్తాలతో పంచాయతీ ఆఫీసు వాకిట్లో కూర్చోవాలని అనుకున్నాం.